మందుతో పాటు ఇంటి మాట

మందులు వాడుతున్నా మీ ఇంట్లోని మానసిక రోగికి జబ్బు తిరగబెడుతోందా? ఇంటి వాతావరణాన్ని కూడా గమనించండి. యునానీ వైద్యంలో ఆరోగ్యానికి తప్పనిసరి అని చెప్పే ఆరింటిలో గాలి, ఆహారం, నిద్రలతో పాటు మనసు కదలిక, నెమ్మది కూడా ఉన్నాయి.

లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం 1972లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎప్పుడూ తప్పులెంచే, ప్రతిదానికీ అతిగా కలగజేసుకునే ఇళ్లకు వెళ్లిన స్కిజోఫ్రీనియా రోగుల్లో తొమ్మిది నెలల్లో 58 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మిగతా ఇళ్లలో అది 16 శాతమే. చండీగఢ్ పరిశోధనలో (1987) అలాంటి ఇళ్లు లండన్‌లో కన్నా తక్కువగా కనిపించాయి. అంటే జబ్బుకు కుటుంబమే కారణమని కాదు. నయం కావడంలో కుటుంబానికి పెద్ద పాత్ర ఉందని అర్థం.

బాబ్లీ, ధర్మాబాద్ వైపు ఉన్న మన కుటుంబాలు ఈ జాగ్రత్తలు పాటించాలి. "నాటకాలాడుతున్నాడు" అని దెప్పకండి. అందరితో పాటు దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోబెట్టండి. చేయగలిగిన చిన్న పని అప్పగించండి. పెళ్లి చేస్తే కుదుటపడతాడని తొందరపడకండి. సేవ భారమంతా తల్లి మీదో భార్య మీదో వేయక వంతులు వేసుకోండి. యునానీ మందు వాడుతున్నా, మానసిక వైద్యుడు రాసిన మాత్రలు సొంతంగా ఆపకండి. చచ్చిపోతానని అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.