వాక్యానికి ఇరుగుపొరుగు

దిల్‌సుఖ్‌నగర్ బస్సులు ఆగే చోట పది నిమిషములు చెవి యొగ్గి నిలబడితే చాలును; వాక్యము ఎన్ని నడకలు నడవగలదో తెలుస్తుంది. నల్లగొండ తెలుగు, కోస్తా తెలుగు, మలక్‌పేట వైపునుండి వచ్చే దక్కనీ ఉర్దూ అక్కడ ఒకదాని నొకటి ఒరసికొంటూ పోతాయి. ఎల్.బి. నగర్ చేరేసరికి విజయవాడ రహదారి మరికొన్ని యాసలను తెచ్చి కలుపుతుంది. భాషలు మాటలను ఎరువు తెచ్చుకొంటవని అందరము ఎరుగుదుము. వాక్యపు చట్రమును కూడ ఎరువు తెచ్చుకొంటవన్న సంగతి అంతగా గమనింపము.

ఒక ఉదాహరణము. "రేపు వస్తానని చెప్పాడు" అని మనము అంటాము. చెప్పిన మాట ముందు, "అని" తరువాత, చెప్పుట చివర. ఉత్తరాది ఉర్దూలో ఈ వరుస తలక్రిందు: "ఉస్‌నే కహా కి కల్ ఆఊఁగా." చెప్పుట ముందు, చెప్పిన మాట వెనుక, నడుమ "కి" అనే వంతెన. హైదరాబాదు దక్కనీ మాత్రము "కల్ ఆతూఁ బోల్‌కే బోలా" అంటుంది. ప్రతి మాటయు ఉర్దూయే. వరుస మాత్రము తెలుగుది. మన "అని" చేసే పనిని అక్కడ "బోల్‌కే" చేస్తున్నది. అట్లే "నిన్న వచ్చిన మనిషి" అన్నదానికి "కల్ ఆయా సో ఆద్మీ" అంటారు. మన "వచ్చాడట" లోని "అట"కు సాటిగా "ఆయా కతే" అనే పలుకుబడి యున్నది.

14వ శతాబ్దిలో సేనలతోను, వర్తకులతోను, సూఫీలతోను దక్షిణమునకు దిగివచ్చిన భాష ఇది. తెలుగు, మరాఠీ, కన్నడముల నడుమ ఆరువందల యేండ్లకు పైగా కాపురము చేసినది. ఇరుగుపొరుగుల ఇండ్లను చూచి తన ఇంటి గదులను సర్దుకొన్నది. మన "వచ్చిన మనిషి" వంటి కూర్పు ఎంత పాతదో చూడండి: క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించిన కడప మండలపు ఎర్రగుడిపాడు శాసనములోనే "ఇచ్చిన" అనే పదము నామమునకు ముందు నిలిచి యున్నది.

మార్పు ఒకే వైపునకు జరుగదు. బలూచిస్థానములోని బ్రాహుయీ మన ద్రావిడ కుటుంబపు భాషయే. చుట్టునున్న ఇరానీ భాషల సహవాసముచేత అది "కి" అనే వంతెనను తెచ్చుకొన్నది. అక్కడ ద్రావిడ భాష "కి"ని చేరదీసినది. ఇక్కడ ఉర్దూ "కి" వాడుకను తగ్గించుకొన్నది. మహారాష్ట్రమున సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్ గ్రామపు భాషలను పరిశీలించి గంపర్జ్, విల్సన్ అనే పండితులు 1971లో ఒక వ్యాసము ప్రకటించినారు. అక్కడి కన్నడ, మరాఠీ, ఉర్దూలకు మాటలు వేరైనా, వాక్యపు కట్టడము చాలవరకు ఒక్కటైనదని వారు చూపినారు.

పొరుగువారి ప్రమేయమే కాక, లోపలి అరుగుదల వలన కూడ వాక్యము మారుతుంది. "రాముడు రావణుని చంపెను" అన్నను, "రావణుని రాముడు చంపెను" అన్నను మనకు అర్థము ఒక్కటే. "ని" అనే ప్రత్యయము కాపలా కాస్తున్నది. వేయేండ్లనాటి ఇంగ్లీషుకును ఇట్టి ప్రత్యయములుండెడివి. అవి అరిగిపోయిన కొలదిని మాటల స్థానములు బిగిసిపోయినవి. నేటి ఇంగ్లీషులో ఆ రెండు పేర్లు తారుమారు చేస్తే రావణుడే రాముని చంపుతాడు! లాటిను నుండి ఫ్రెంచి పుట్టినప్పుడును ఇట్టిదే జరిగినది. తెలుగున విభక్తులు నిలిచినవి. క్రియయు వాక్యము చివరనే నిలిచినది.

ఈ సంగతులు పండితులకే పరిమితమా? కాదు. దక్కనీ మాటలాడే పిల్లవానిని చూచి "చెడిన ఉర్దూ" అని నవ్వేవారున్నారు. అది చెడిన భాష కాదు. తనదైన కట్టుబాటు గల భాష. నవ్వుకు జడిసి ఆ పిల్లవాడు తరగతిలో నోరు మూసికొంటే నష్టపోయేది వాని చదువు.

రెండవ సంగతి మా వృత్తికి చెందినది. ఇంగ్లీషు వార్తను తెనిగించేటప్పుడు "మరమ్మతుల కారణముగా రేపటి ఉదయపు నీటి సరఫరా అధికారులచేత నిలిపివేయబడునని తెలియజేయబడినది" అని వ్రాయటము సులభము. ఈ కూర్పు ఏ ఇరుగుపొరుగు స్నేహము వలనను పుట్టలేదు. బల్లమీద, కాగితమును చూచి పుట్టినది. శ్రోత పుట వెనుకకు త్రిప్పి చూడలేడు. మన వాక్యములో అసలు సంగతి చివర వస్తుంది గనుక, దారి పొడవైతే అది చేరేలోపల చెవి అలసిపోతుంది. "రేపు ఉదయము నీళ్ళు రావు. గొట్టములు బాగు చేస్తున్నారు" అంటే కొత్తపేటలోని ఇల్లాలు ఈ రాత్రే బిందెలు నింపుకొంటుంది.

వాక్యము మారరాదని ఎవరును శాసింపలేరు. నలుగురి నోళ్ళలో నాని వచ్చిన మార్పును ఆదరింతము. కాగితము మీదినుండి దిగిన కూర్పును మాత్రము, పలుకబోయే ముందు ఒకసారి పైకి చదువుకొని చూతము. చెవి ఒప్పుకొంటే అది మన వాక్యము.