డ్రైవ్‌కు తాళం వేశారు సరే, ‘కీ’ ఎక్కడుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డేటా రికవరీ షాప్. నా 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ను పది నిమిషాలు చెక్ చేసి, అక్కడి అన్న వెనక్కి ఇచ్చేశాడు. "డిస్క్ మంచిగనే ఉంది తమ్మీ. ఖరాబైతే ఏదో ఒకటి చేసి డేటా తీస్త. తాళం వేసి చెవి పోగొట్టుకుంటే నేనేం చేస్త?" అన్నాడు. పైసలు కూడా తీసుకోలేదు.

తప్పు పూర్తిగా నాదే. ఎల్బీ నగర్‌లో మా పక్క ఫ్లాట్‌లో దొంగతనం జరిగాక నాకు భయం పట్టుకుంది. మా హార్డ్‌డిస్క్‌లో ఆధార్, పాన్, ఇంటి కాగితాల స్కాన్‌లు అన్నీ ఉన్నాయి. ఆ రాత్రే బిట్‌లాకర్ ఆన్ చేశాను. రికవరీ కీ ఫైల్‌ను ల్యాప్‌టాప్‌లో సేవ్ చేశా. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టడం ఎందుకని ఆటో అన్‌లాక్ కూడా పెట్టుకున్నా.

ఏడాదిన్నర తర్వాత ల్యాప్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేశాను. పాతది ఫార్మాట్ చేసి అమ్మేశా. హార్డ్‌డిస్క్ పెడితే పాస్‌వర్డ్ అడిగింది. ఒక్కసారి టైప్ చేసి వదిలేసిన పాస్‌వర్డ్ ఏం గుర్తుంటుంది? కీ ఫైల్ పాత ఎస్‌ఎస్‌డీతోనే పోయింది. నేను వాడింది లోకల్ అకౌంట్ కాబట్టి ఆన్‌లైన్‌లో కూడా కాపీ లేదు.

స్కాన్‌లు మళ్లీ తీసుకోవచ్చు. కానీ నానమ్మ మామిడికాయ తొక్కు పెడుతూ, ఏది ఎంత వేయాలో చెప్పిన 40 నిమిషాల వీడియో అందులోనే ఉంది. నానమ్మ ఇప్పుడు లేదు. అప్పట్లో మేనత్తకు వాట్సాప్‌లో పంపిన 30 సెకన్ల ముక్క ఒక్కటే మిగిలింది.

హ్యాక్ చేయలేమా?

ఫ్రెండ్స్ అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. బిట్‌లాకర్ రికవరీ కీలో 48 అంకెలుంటాయి, ఆరేసి చొప్పున 8 గ్రూపులు. టైపింగ్ తప్పులు పట్టుకోవడానికి ప్రతి గ్రూపూ 11తో భాగించబడేలా పెట్టారు. ఆ లెక్క తీసేసినా 128 బిట్లు మిగులుతాయి. సెకనుకు లక్ష కోట్ల కీలు ట్రై చేసినా, అన్నీ పూర్తి కావడానికి విశ్వం వయసుకు కోట్ల రెట్ల కాలం పడుతుంది. ఎన్‌క్రిప్షన్‌కు దొంగ ఎవరో, ఓనర్ ఎవరో తెలీదు. కీ ఉన్నవాడే ఓనర్.

స్టీఫన్ థామస్ కథ చాలామందికి తెలిసే ఉంటుంది. 7,002 బిట్‌కాయిన్లున్న ఐరన్‌కీ పెన్‌డ్రైవ్ పాస్‌వర్డ్ మర్చిపోయాడు. దానికి 10 ఛాన్సులే. 2021లో ఈ విషయం వార్తల్లోకి వచ్చేనాటికి 8 అయిపోయాయి.

మన ఊళ్లో కూడా చూశాం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. తప్పు ఫైల్‌ను డిలీట్ చేయడం చిన్న పనే. కానీ ఎన్‌క్రిప్ట్ చేసిన చాలా మెషీన్లలో, దాని దాకా వెళ్లాలంటే ముందు ఆ 48 అంకెలు కావాలి.

నేను ఆన్ చేయలేదుగా, నాకెందుకు?

విండోస్ 11 24హెచ్2 నుంచి, ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ సాధారణంగా దానంతటదే ఆన్ అవుతుంది. కీ ఆ అకౌంట్‌లో సేవ్ అవుతుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డ్ మార్చినా కీ అడగొచ్చు. బీటెక్ వాళ్లు ఒకటి గమనించండి: కాలేజీ మెయిల్‌తో సైన్ ఇన్ అయితే కీ కాలేజీ అకౌంట్‌లో ఉండొచ్చు. కోర్సు అయ్యాక ఆ మెయిల్ ఆపేస్తే కీ కూడా చేజారినట్టే.

ఇవాళే చేయాల్సినవి

1. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

2. కీని ప్రింట్ తీసి బీరువాలో ఇంటి కాగితాలతో పాటు పెట్టండి. ఏ డ్రైవ్‌దో పైన రాయండి. ఇంకో కాపీ వేరే చోట ఉంచండి.

3. డేటా ఎక్కించే ముందు ఆ కీతో ఒకసారి నిజంగా అన్‌లాక్ చేసి చూడండి. నేను వదిలేసిన స్టెప్ ఇదే.

4. ఆటో అన్‌లాక్ వాడుతున్నా, నెలకోసారి పాస్‌వర్డ్ చేత్తో టైప్ చేయండి.

5. లినక్స్‌లో లక్స్ వాడేవాళ్లు హెడర్ బ్యాకప్ తీసుకోండి. హెడర్ పాడైతే సరైన పాస్‌వర్డ్ ఉన్నా డ్రైవ్ తెరుచుకోదు.

6. అన్నిటికీ తాళం అక్కర్లేదు. ఆధార్ స్కాన్‌లకు వేయండి, ఇంటి ఫొటోలు, వీడియోలకు తాళం లేని రెండో కాపీ ఉంచండి.

ఇంత జరిగినా ఎన్‌క్రిప్షన్ వద్దని చెప్పను. నా కొత్త డ్రైవ్‌కు కూడా బిట్‌లాకర్ ఉంది. కీ ప్రింట్ బీరువాలో ఉంది, అది ఎక్కడుందో అమ్మకు కూడా తెలుసు. పాత హార్డ్‌డిస్క్ కూడా దాని పక్కనే ఉంది. పాస్‌వర్డ్ ఏదైనా గుర్తొచ్చినట్టనిపిస్తే ఇప్పటికీ తీసి ట్రై చేస్తుంటాను.