వరి మడి ఎవరిది?



ఆఫ్రికా అనగానే మనకి అడవులూ, ఏనుగులూ, కరువూ గుర్తుకొస్తాయిగాని వరి గుర్తుకు రాదు. కాని ఆ ఖండానికి పడమటి కొసన, ఒక నదికి అటూ ఇటూ సన్నని పట్టీలా ఉండే గాంబియా దేశంలో వరి తరతరాలుగా ఆడవాళ్ళ పంట. మగవాళ్ళు మెరక మీద వేరుశనగ వేస్తారు. ఆడవాళ్ళు నది వెంబడి పల్లంలో వరి నాటుతారు.

అక్కడి మాండింకా కుటుంబాల్లో పొలాలు రెండు రకాలు. ఇంటిల్లిపాదీ కలిసి పండించేది 'మారువో'. దాని పంట మీద పెత్తనం ఇంటి పెద్దది. రెండోది 'కమన్యాంగో'. ఇల్లాలు అందులో పండించిన గింజలు ఆమెవే. తిన్నా, దాచుకున్నా, అమ్ముకున్నా అడిగేవాళ్ళుండరు. మన స్త్రీధనంలాంటిదనుకోండి.

1984లో జాహలీ, పచార్ అనే చోట్ల విదేశీ రుణ సహాయంతో పెద్ద ప్రాజెక్టు వచ్చింది. పంపులతో నది నీళ్ళు తోడి, ఏడాదికి రెండు పంటలు తీయాలని ఏర్పాటు. అంతకుముందు వచ్చిన పథకాల్లో ఆడవాళ్ళకి పెద్దగా ఒరిగిందేమీ లేదు. అందుకని ఈసారి గట్టిగా అడిగారు. చివరికి చాలా మడులు వాళ్ళ పేరనే రాశారు.

ఇంకేం కావాలి అనిపిస్తుంది కదూ? చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు పంటలంటే చాకిరీ రెండింతలు. నీటికీ, ఎరువుకీ అయిన బాకీ పంటలోంచే తీర్చాలి. కనుక ఇంటిల్లిపాదీ పనిచెయ్యాలి, కనుక ఇవి మారువో మడులే అన్నారు. దాంతో కాగితం మీద పేరు ఇల్లాలిది, గాదె మీద అధికారం యజమానిది అయింది. నడుం వంచి నాట్లు వేసే పని మాత్రం ఆమెకి తప్పలేదు.

ఆ ఆడవాళ్ళు నోరు మూసుకుని ఊరుకోలేదు. మా కష్టానికి ధాన్యంలో వాటా ఇస్తేనే మడిలో దిగుతామని కొందరు పట్టుబట్టి తీసుకున్నారు. కొందరు ప్రాజెక్టు మడులు వదిలేసి, బయట మిగిలిన పల్లపు నేలల్లో సొంతంగా వరి వేసుకున్నారు. మరికొందరు జట్లు కట్టి నాట్లకీ కోతలకీ కూలికి వెళ్ళారు. ఆ కూలి డబ్బు వాళ్ళ చేతికే వచ్చేది.

పంపుల తప్పేమీ లేదు. నీళ్ళొస్తే పంట పెరుగుతుంది, పెరగాలి కూడా. అయితే ఏ దేశంలోనైనా ఆడవాళ్ళ పేర భూమి రాశామని ఎవరైనా చెప్పినప్పుడు, మనం ఇంకొక మాట అడగాలి: కోత అయ్యాక ఆ ధాన్యం అమ్మే హక్కు ఎవరిదండీ? జవాబు అక్కడుంటుంది, పట్టా కాగితంలో కాదు.