యంత్రలోకంలో ఒక కల: 'అటామిక్ హార్ట్' వీడియో గేమ్

వీడియో గేమ్‌కు సాహిత్య పత్రికలో చోటేమిటని అడిగేవారుంటారు. కథ, పాత్ర, సంభాషణ ఉన్న ప్రతి రూపమూ ఒక జీవిత దృక్పథాన్ని మోసుకొస్తుంది కనుక విమర్శకుడు దాన్ని పరిశీలించక తప్పదు. అందులోనూ మండ్‌ఫిష్ సంస్థ 2023 ఫిబ్రవరి 21న విడుదల చేసిన 'అటామిక్ హార్ట్' వస్తువు మనకు బొత్తిగా పరాయిది కాదు. విశాలాంధ్ర ద్వారా వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణలు చదువుతూ పెరిగిన శ్రీకాకుళం, విజయనగరం పాఠకులకు విజ్ఞానశాస్త్రం శ్రమభారాన్ని దించే రేపటిరోజు ఎరుకైన ఊహే. ఆ రేపటిని ఈ గేమ్ 1955 నాటి సోవియట్ దేశంలోనే నిజం చేసి చూపిస్తుంది.

సెచెనోవ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పాలిమర్‌తో అక్కడ రోబోలు పొలం పనీ ఇంటి పనీ చేస్తుంటాయి. నగరం ఆకాశంలో తేలుతుంటుంది. మనుషులు తమ ఆలోచనతోనే రోబోలను నడిపించే 'కొలెక్టివ్ 2.0' ప్రారంభం కాబోతుండగా యంత్రాలు తిరగబడి మనుషుల్ని చంపుతాయి. వాటిని అణచడానికి మేజర్ నెచాయెవ్ వస్తాడు. ఆడేవాడు ధరించే వేషం అదే.

ఆకర్షణంతా దృశ్యంలో ఉంది. మొదటి భాగంలో తుపాకీ పేలదు. పడవలో సాగుతూ కవాతునూ, విగ్రహాలనూ, ఎర్రజెండాలనూ చూస్తాం. ఈ వైభవం కింద ఏదో కుళ్లు ఉందన్న అనుమానం మాటల సాయం లేకుండానే పుడుతుంది. తరువాత ముఖంలేని కవల నర్తకీ రోబోలు, రక్తపాతం మధ్య వినిపించే పాత రష్యన్ పాటలు, నాయకుడు మధ్యమధ్య జారిపడే 'లింబో' అనే స్వప్నలోకం వస్తాయి. ఇదంతా అసలైన అధివాస్తవికత.

లోపం నాయకుడు నోరు తెరవగానే మొదలవుతుంది. చుట్టూ శవాలుంటే అతను బూతు హాస్యం విసురుతాడు. ఆయుధాలను మెరుగుపరిచే యంత్రానికి ఆడగొంతు పెట్టి దానిచేత వెకిలి శృంగారం పలికించారు. ఆరుబయట ఎన్ని రోబోలను కూల్చినా, ఎగిరే యంత్రాలు వచ్చి మళ్లీ బాగుచేస్తాయి. అది భయం కాదు, విసుగు. గేమ్‌లో చూపిన ఒక పాత కార్టూన్‌లోని జాత్యహంకార చిత్రణకు సంస్థే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధానికి ఏడాది నిండబోతున్న ఆ వారంలో సోవియట్ వైభవాన్ని సరుకుగా అమ్మటంపై ఆ దేశ ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది.

వీటన్నిటికన్నా పెద్ద లోపం వేరే ఉంది. శ్రమ యంత్రానిదైతే యంత్రం ఎవరిది? కొలెక్టివ్ వెనకున్న ఉద్దేశం మనుషుల మనసుల్నే లొంగదీయటం. నెచాయెవ్ జ్ఞాపకాలతో ఆడుకున్నవాడు అతని యజమానే. ఇంత బలమైన వస్తువును చివరి సంభాషణల్లో గబగబా చెప్పి ముగించారు. లింబో కలలు నాయకుణ్ని ఏమీ కదిలించవు.

విజయనగరం గురజాడ 'లవణరాజు కల'లో ఇందుకు భిన్నంగా చేశాడు. లోకం మాయ అని బోధించే యోగవాసిష్ఠ కథను తీసుకుని, ఇంద్రజాలంలో పడిన రాజును మాలపడుచు ముందు నిలబెట్టి కులాన్ని ప్రశ్నించాడు. అక్కడ కల రాజును అతని స్థానం నుంచి కదిలిస్తుంది. ఇక్కడ నెచాయెవ్ కలలోంచి లేచి మరో తుపాకీ అందుకుంటాడు.

సైన్స్ ఫిక్షన్ రాయదలచిన విద్యార్థులు మొదటి అరగంట శ్రద్ధగా చూడాలి. ఆ తరువాత శబ్దం తగ్గించినా నష్టం లేదు, పాటలు తప్ప.