అనుకూలనశీల సైక్లింగ్ శిక్షణలో కసరత్తు కాఠిన్యం, పురోగతి: నిజామాబాద్ ప్రాంత నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
సాధకుని ప్రతిస్పందనను బట్టి రేపటి కసరత్తును మార్చుకుంటూ పోయే శిక్షణ ప్రణాళికను అనుకూలనశీల ప్రణాళిక అంటారు. సైక్లింగ్‌లో ఇటువంటి ప్రణాళికలు ప్రధానంగా రెండు అంకెల మీద నడుస్తాయి. ఒకటి కసరత్తు స్థాయి, రెండవది సాధకుని పురోగతి స్థాయి. ఈ రెంటి సంబంధాన్ని, వాటి పరిమితులను నందిపేట్, నిజామాబాద్, బోధన్ ప్రాంత పరిస్థితులకు అన్వయించి వివరించడం, శ్రమను తెలిపే తెలుగు మాటల ప్రయోజనాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సైక్లింగ్, అనుకూలనశీల శిక్షణ, కాఠిన్యం, పురోగతి స్థాయి, శ్రమానుభూతి, నిజామాబాద్.

1. ఉపోద్ఘాతం:
ఒకే పాఠాన్ని అందరికీ ఒకే తీరుగా చెప్పరాదని, అధికారి భేదాన్ని గుర్తించాలని భారతీయ విద్యా సంప్రదాయం చెబుతుంది. కర్ణాటక సంగీత శిక్షణ ఇందుకు చక్కని ఉదాహరణ. సరళీ స్వరాలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు అనే క్రమం ఒక మెట్ల వరుస. ప్రతి వరుసనూ మూడు కాలాలలో పాడించడం మరో మెట్ల వరుస. కాఠిన్యం ఈ రెండు దిశలలోనూ పెరుగుతుంది. విద్యార్థి గొంతు విని, తరువాతి పాఠం ఇవ్వాలా, పాతదే మళ్ళీ పాడించాలా అన్నది గురువు నిర్ణయిస్తాడు. అనుకూలనశీల శిక్షణ చేసే పని కూడా ఇదే. కాకపోతే గురువు చెవికి బదులుగా ఇక్కడ కొలతలు, గణనలు ఉంటాయి. అమెరికాకు చెందిన ట్రైనర్‌రోడ్ సంస్థ 2021లో ప్రవేశపెట్టిన విధానం ఈ కోవలో బాగా తెలిసినది.

2. కొలతకు ఆధారం:
సైకిల్ తొక్కేవారి శక్తిని వాట్లలో కొలుస్తారు. సుమారు ఒక గంటపాటు నిలకడగా ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తిని ఎఫ్‌టీపీ అంటారు. ఇరవై నిమిషాల పరీక్షలో వచ్చిన సగటు శక్తిలో 95 శాతాన్ని ఎఫ్‌టీపీగా తీసుకోవడం ఒక వాడుక. ఇరవై నిమిషాలు సగటున 210 వాట్లు ఇచ్చిన వ్యక్తి ఎఫ్‌టీపీ దాదాపు 200 వాట్లు అవుతుంది. కసరత్తులను ఈ విలువలో శాతాలుగా రాస్తారు. 56 నుంచి 75 శాతం వరకు ఓర్పు మండలం, 76 నుంచి 90 వరకు మధ్యస్థ మండలం, 91 నుంచి 105 వరకు అవధి మండలం, 106 నుంచి 120 వరకు ప్రాణవాయు గరిష్ఠ మండలం. ఒక మండలంలో బలం ఉన్నవారికి మరో మండలంలోనూ అంతే బలం ఉండాలన్న నియమం లేదు. అందువల్లనే పురోగతి స్థాయిని మండలాలవారీగా లెక్కిస్తారు.

3. భారం వేరు, కాఠిన్యం వేరు:
ఈ రెంటినీ ఒకటిగా భావించడం తరచుగా జరిగే పొరపాటు. శిక్షణ భారాన్ని లెక్కించే ప్రసిద్ధ సూత్రంలో తీవ్రత వర్గాన్ని గంటలతో, ఆపై నూరుతో హెచ్చిస్తారు. ఎఫ్‌టీపీలో 90 శాతం వద్ద ఒక గంట తొక్కితే భారం 81. 64 శాతం వద్ద రెండు గంటలు తొక్కితే దాదాపు 82. అంకెలు ఇంచుమించు సమానమే. అయినా మొదటిది ఊపిరి సలపనివ్వని పని, రెండవది మాట్లాడుకుంటూ చేయగల పని.

ఒకే మండలంలోనూ ఈ భేదం కనిపిస్తుంది. 95 శాతం వద్ద మొత్తం ముప్పై నిమిషాల పనిని ఐదేసి నిమిషాల ఆరు విడతలుగా చేయవచ్చు, పదేసి నిమిషాల మూడు విడతలుగా చేయవచ్చు, ఒకే విడతగానూ చేయవచ్చు. పని మొత్తం మారదు. విడత పొడవు పెరిగి, విశ్రాంతి తగ్గుతున్నకొద్దీ కాఠిన్యం పెరుగుతుంది. కసరత్తు స్థాయి అనే అంకె పట్టుకునేది ఈ అంతర నిర్మాణాన్నే.

4. రెండు అంకెల మధ్య దూరం:
సాధకుని పురోగతి స్థాయిని, ఎదుట ఉన్న కసరత్తు స్థాయిని పోల్చినప్పుడు వచ్చే అంతరమే ఆ వ్యక్తికి ఆ రోజు కాఠిన్యం. ట్రైనర్‌రోడ్ విధానంలో దీనికి అంచెలున్నాయి. వాటిని తెలుగులో సులభసాధ్యం, ఫలదాయకం, సాగదీసేది, గడి దాటించేది, తగనిది అని చెప్పుకోవచ్చు. 4వ స్థాయి కసరత్తు 4వ స్థాయి సాధకునికి చేయదగిన పని. 1వ స్థాయి సాధకునికి అదే దెబ్బ కావచ్చు. కాఠిన్యం కసరత్తులో మాత్రమే ఉండే గుణం కాదు, కసరత్తుకూ మనిషికీ మధ్య ఉన్న సంబంధం.

ఈ క్రమానికి నిజామాబాద్ జిల్లాలోనే ఉదాహరణ ఉంది. పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు శిఖరం చేరింది. అంతకు ముందు భువనగిరి కొండ రాళ్ళ మీద, తరువాత డార్జిలింగ్‌లో పర్వతారోహణ పాఠాలలో, ఆపైన లద్దాఖ్ చలిలో ఆమె శిక్షణ సాగింది. ప్రతి మెట్టూ ముందటిదానికన్నా కఠినమే. కానీ ముందటి మెట్టు ఎక్కినవారికి మాత్రమే అది అందేంత దూరంలో ఉంది.

5. అంకె తగ్గితే వెనుకబాటేనా:
పురోగతి స్థాయి తగ్గడం చాలామందిని కలవరపెడుతుంది. ఇది మూడు కారణాల వల్ల జరగవచ్చు. మొదటిది, ఎఫ్‌టీపీ పెరగడం. అది 200 నుంచి 210కి పెరిగితే, 95 శాతం విలువ 190 వాట్ల నుంచి 199.5 వాట్లకు చేరుతుంది. పాత కసరత్తే ఇప్పుడు బరువైనది కనుక స్థాయి అంకెను వెనక్కి జరుపుతారు. రెండవ కాలంలోకి వెళ్ళిన సంగీత విద్యార్థి మళ్ళీ మొదటి వరుస దగ్గర నిలబడటం వంటిదే ఇది. అంకె దిగింది, మనిషి ఎదిగాడు.

రెండవది, అనారోగ్యం వల్లనో గాయం వల్లనో విరామం రావడం. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2017లో భుజం గాయంతో పోటీలకు దూరమైంది. 2019లో సోఫియాలో స్వర్ణం గెలిచింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోను, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలోను ప్రపంచ విజేత అయింది. పురోగతి సరళరేఖ కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అవసరం లేదు. మూడవది, కసరత్తును పూర్తి చేయలేకపోవడం. ఈ మూడవ కారణాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి.

6. స్థానిక పరిస్థితులు:
నందిపేట్ పరిసరాలు చాలావరకు చదును నేలలు. ఒకవైపు శ్రీరాంసాగర్ జలాలు, మరోవైపు వరి, పసుపు, ఎర్రజొన్న చేలు. ఎత్తులు తక్కువ కనుక ఇక్కడ తొక్కడం తేలికని అనిపిస్తుంది. కానీ బయలులో గాలిని ఆపే అడ్డు లేదు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయే వ్యక్తికి 10 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, గాలిని చీల్చడానికి కావలసిన శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. కనుక సగటు వేగాన్ని పురోగతికి కొలబద్దగా తీసుకుంటే తప్పుడు నిర్ణయానికి దారితీస్తుంది.

ఎండ మరో అంశం. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అవే వాట్లకు గుండె వేగం పెరుగుతుంది, శ్రమ ఎక్కువగా తోస్తుంది. కోతల కాలంలో రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, మక్కల వల్ల విడత మధ్యలో ఆగవలసి వస్తుంది. అసంపూర్తి కసరత్తుకు కారణం అశక్తత కావచ్చు, ఎండ కావచ్చు, దారి కావచ్చు. యంత్రానికి కనబడేది ఆగిన చోటు మాత్రమే. కారణాన్ని చెప్పవలసినది సాధకుడే.

7. శ్రమకు తెలుగు మాట:
అందుకే కసరత్తు ముగిశాక అడిగే ప్రశ్న కీలకం. అది ఎంత కష్టంగా అనిపించిందన్న ప్రశ్నకు వచ్చిన జవాబు రేపటి కసరత్తును నిర్ణయిస్తుంది. బింకంతో ‘తేలిక’ అన్నవానికి మోయలేని భారం వస్తుంది. వినయంతో ‘చాలా కష్టం’ అన్నవాని ఎదుగుదల నిలిచిపోతుంది. ఇంగ్లీషు పదాల అంచెలలో తన అనుభవాన్ని ఇరికించుకునే విద్యార్థికి ఈ ప్రమాదం ఎక్కువ. ‘అల్కగ అయింది’, ‘జర కష్టమైంది’, ‘దమ్మొచ్చింది’, ‘పానం పోయినట్టయింది’ అనే ఈ ప్రాంత వాడుకలు శ్రమానుభూతిని అంతకన్నా నిక్కచ్చిగా పట్టిస్తాయి. వాటిని వరుసలో పేర్చి అంకెలు కేటాయించుకోవడం శిక్షకుడు చేయగల పని.

శక్తిమాపకం కొనలేనివారికి కూడా ఇదే ఆధారం. స్వీడన్ శాస్త్రవేత్త గున్నర్ బోర్గ్ శ్రమానుభూతికి అంకెలు ఇచ్చాడు. కార్ల్ ఫాస్టర్ ఆ అంకెను నిమిషాలతో హెచ్చించి భారాన్ని గణించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 7వ అంకె శ్రమతో 60 నిమిషాలు చేస్తే 420, 3వ అంకె శ్రమతో 90 నిమిషాలు చేస్తే 270. ఒక నోటుపుస్తకం, గడియారం ఉంటే చాలు. అదే దారిలో, అదే సమయంలో, అంతే గాలిలో చేసిన అదే కసరత్తు కొన్ని వారాలకు 7 నుంచి 5కు దిగితే అది పురోగతి.

8. ముగింపు:
కసరత్తు స్థాయి పాఠాన్ని గురించి చెబుతుంది, పురోగతి స్థాయి విద్యార్థిని గురించి చెబుతుంది. కాఠిన్యం ఆ రెంటి మధ్య దూరం. ఆ దూరం మరీ తక్కువైతే ఎదుగుదల ఉండదు, మరీ ఎక్కువైతే శరీరం దెబ్బతింటుంది. అంకె పడిపోయినప్పుడు కారణాన్ని వెదకాలి, ఆ తరువాతే తీర్పు చెప్పాలి. ఈ వివేచనను సాధకుని సొంత మాటలలో అందించగలిగితే, యంత్రం లేని చోట కూడా అనుకూలనశీల శిక్షణ సాధ్యమే. శిక్షణ పరిభాష నిర్మాణంలో ప్రాంతీయ వాడుకలను సేకరించి క్రమబద్ధం చేయడం తెలుగు పరిశోధకుల ముందున్న పని.