రంగులోనే రోగం ఉంటే?

పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో ఉండే బాల్ పైథాన్ చిన్న జాతి కొండచిలువ. బెదిరితే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. సహజంగా దాని ఒంటిమీద ఉండేవి గోధుమ, నలుపు మచ్చలే. అమెరికా, ఐరోపా పెంపకందారుల దగ్గర మాత్రం పసుపు, తెలుపు, ఊదా ఛాయలు, వింత గీతలు కనిపిస్తాయి. ఎక్కడో అరుదుగా తలెత్తిన జన్యు మార్పును పట్టుకుని, మెండెల్ బఠానీ లెక్కతో తరాల తరబడి నిలబెట్టిన రూపాలివి, వీటినే మార్ఫ్‌లంటారు. అల్బినో అంతర్గత లక్షణం, అంటే జన్యువు రెండు ప్రతులూ ఉంటేనే పైకి కనిపిస్తుంది. ఆ జన్యువును ఒక్కో ప్రతి చొప్పున మోస్తున్న రెండు మామూలు రంగు పాముల్ని జతకలిపితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి అల్బినో అవుతుంది. అయితే ఆడపాము ఒక విడతలో పెట్టేవి గుప్పెడు గుడ్లే. కాగితం మీద కుదిరిన లెక్క పొదిగే పెట్టెలో కుదరకపోవచ్చు, అసలు మోజంతా అక్కడే ఉంది.

ఈ మోజును నేను తప్పుపట్టను. అల్బినో పాము పెట్టెలో హాయిగానే బతుకుతుంది. నా అభ్యంతరం స్పైడర్ లాంటి మార్ఫ్‌ల మీద. సాలెగూడు లాంటి సన్నని గీతలున్న ఈ పాము తల ఊగుతుంది, మెలితిరుగుతుంది. కొన్ని వెల్లకిలా పడి సరిగ్గా తిరగలేవు, ఎరను గురిచూసి పట్టలేవు. 2022లో వెలువడిన ఒక స్కానింగ్ పరిశోధన వీటి లోపలి చెవిలో, శరీర సమతౌల్యాన్ని కాపాడే భాగాల్లోనే వైకల్యాన్ని చూపింది. ఇందులో వింతేమీ లేదు. పిండంలో రంగు కణాలను ఇచ్చే కణజాలానికి చెవి నిర్మాణంలోనూ పాత్ర ఉంది. నీలికళ్ల తెల్ల పిల్లుల్లో, డాల్మేషియన్ కుక్కల్లో చెవుడు ఎక్కువగా కనిపించడం కూడా ఈ కోవలోదే.

జాగ్రత్తగా ఎంపిక చేస్తే లోపం పోతుందని కొందరంటారు. 1990ల చివరినుంచీ స్పైడర్‌ను మామూలు పాములతో కలుపుతూనే వచ్చారు. తీవ్రత ఒక్కో పాములో ఒక్కోలా ఉంది గానీ, గీతలు ఉంచుకుని తల ఊగడాన్ని వదిలించుకున్న వంశం తేలలేదు. తింటోంది, గుడ్లు పెడుతోంది, ఇంకేం బాధ అన్నది మరో వాదన. తిండీ సంతానమూ బతుకుతోందనడానికి సాక్ష్యాలే తప్ప బాధ లేదనడానికి కావు. పెంపకం వల్ల అడవి పాములకు ఊరట అన్న మాటలో కొంత నిజముంది, కానీ అది పెంపకానికి సమర్థన, స్పైడర్‌కు కాదు. బ్రిటన్‌లోని ఇంటర్నేషనల్ హెర్పటలాజికల్ సొసైటీ తన ప్రదర్శనల్లో ఈ మార్ఫ్ అమ్మకాన్ని ఆపేసింది, సరైన పనే చేసింది.

మన దేశంలో ఈ జాతిని ఉంచుకునేవారు వన్యప్రాణి చట్టం ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. కొనేముందు ఆ కాగితాలతోపాటు వంశంలో స్పైడర్ ఉందా అని కూడా అడగండి, ఉందంటే కొనకండి.