రెటీనా స్కాన్ కూడా ఆరోగ్య హక్కే

వాడలో పెద్దవాళ్లు 'మొఖాలు ఆనడం లేదు' అంటే, 'వయసైపోయింది, శుక్లమై ఉంటుంది' అనేస్తాం. చాలాసార్లు వైద్యం ఆ మాట దగ్గరే ఆగిపోతుంది.

శుక్లమంటే కంటి ముందుభాగంలోని కటకం మసకబారడం. దానికి ఆపరేషన్ ఉంది. కంటి వెనుక ఉండే రెటీనా పొర సంగతి వేరు. దాని నడుమనున్న మాక్యులా వల్లే మనం మొఖాలు గుర్తుపడతాం, అక్షరాలు చదువుతాం, సూదిలో దారం ఎక్కిస్తాం. యాభై దాటాక కొందరిలో ఇది దెబ్బతింటుంది. ఆ జబ్బునే ఏఎండీ అంటారు. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. చుట్ట, బీడీ, సిగరెట్ ఈ ముప్పును పెంచుతాయి.

ఇందులో రెండు రకాలు. పొడి రకం ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. తడి రకంలో రెటీనా కింద కొత్తగా పుట్టిన బలహీనమైన రక్తనాళాల నుంచి నీరు, నెత్తురు కారతాయి. వారాల్లో, నెలల్లోనే నడిమి చూపు పోవచ్చు.

టార్చి వేసి చూస్తే ఇది తెలియదు. ఫండస్ కెమెరా తీసే రెటీనా ఫోటోలో పసుపు మచ్చలు, నెత్తురు మరకలు కనిపిస్తాయి. 1991లో లోకానికి పరిచయమైన ఓసీటీ స్కాన్ కాంతి సాయంతో రెటీనా పొరలను అడ్డంగా కోసి చూపినట్టు చూపిస్తుంది. పొరల మధ్య చేరిన నీరు అందులో తెలిసిపోతుంది. సూది లేదు, ఎక్స్‌రే లేదు, కొద్ది నిమిషాల పని.

తడి రకానికి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. సాధారణంగా మొదట్లో నెలకొకటి ఇస్తారు. తర్వాత ఎప్పుడివ్వాలో తేల్చడానికి పాత స్కాన్‌ను, కొత్త స్కాన్‌ను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఖరీదైన రానిబిజుమాబ్‌తో సమానంగా చవకైన బెవాసిజుమాబ్ కూడా చూపును కాపాడుతుందని అమెరికాలో జరిగిన క్యాట్ పరీక్షలు 2011లో తేల్చాయి. కానీ మందు చవకైతే సరిపోదు. పట్నానికి వెళ్లిన ప్రతిసారీ రోగి కూలీ పోతుంది, తోడు వెళ్లినవారి కూలీ పోతుంది. మధ్యలో మానేస్తే చూపు పోతుంది.

2018లో మొదలైన తెలంగాణ 'కంటి వెలుగు' ఊరి దాకా కంటి పరీక్ష తేవచ్చని చూపించింది. రెటీనా ఫోటో కూడా అలాగే రావాలి. శిక్షణ పొందిన టెక్నీషియన్ ఫోటో తీసి నిపుణులకు పంపితే చాలు. జిల్లా ఆసుపత్రుల్లో ఓసీటీ, ఇంజెక్షన్ ఉచితంగా అందాలని మనం అడగాలి.

ఈలోగా ఒక పని చేద్దాం. పెద్దవాళ్లను ఒక్కో కన్ను మూసి తలుపు చట్రం చూడమందాం. గీతలు వంకరగా కనిపించినా, నడుమ నల్లమచ్చ ఉన్నా ఆలస్యం చేయకుండా రెటీనా డాక్టర్‌కు చూపిద్దాం. ఒక్క కన్నూ వంకర చూపకపోయినా జబ్బు లేదని కాదు, పరీక్ష మానొద్దు.